పైరునకు నత్రజని: మేలును, కీడును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు ఉత్సవమునాడు ఎరువుల ముచ్చట ఏల యని కొందరికి తోచవచ్చును. పురాణ కాలక్షేపమో, కావ్యచర్చయో ఇట్టి సభకు అలంకారమని పెద్దల అభిప్రాయము. అయినను పల్లెటూరి గ్రంథాలయమును పోషించినది పొలము. పండిన యేడు చందాలు వచ్చును. ఎండిన యేడు ఆగిపోవును. కావున పొలమునకు సంబంధించిన విద్య గ్రంథాలయమునకు పరాయిది కాదు. అందులోను యూరియా బస్తా చేరని రైతు ఇల్లు నేడు అరుదు. ఆ బస్తాలోని తెల్లని గుళికలలో ఉన్నదేమి, అందు పైరునకు ముట్టునది ఎంత, ముట్టనిది ఎక్కడికి పోవుచున్నది, పోయినచోట ఏమి చేయుచున్నది అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని కలదు. 1772లో ఎడింబరో నగరమున డేనియల్ రూథర్‌ఫర్డు అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరొక వాయువుగా గుర్తించెను. ఎకరము నేలమీద ఆకాశము వరకు నిలిచియున్న గాలిని తూచగలిగినచో, అందు సుమారు 31 వేల టన్నుల నత్రజని ఉండునని లెక్క తేలును. ఇంత సంపద నెత్తిమీద ఉండియు పైరు దానిని ముట్టజాలదు. సముద్రము నడుమ ఉండి గుక్కెడు మంచినీటికి అలమటించువాని చందమే పైరు చందము. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి కలిసి మిక్కిలి గట్టిగ ముడివడి యుండును. ఆ ముడి విడి, నత్రజని అమ్మోనియముగనో నైట్రేటుగనో మారి, నేలలోని తడిలో కరిగిన పిమ్మటనే వేరు దానిని పీల్చుకొనును.

నత్రజని లేనిదే ఆకున పచ్చదనము లేదు. గింజలో మాంసకృత్తులు లేవు. నత్రజని చాలని వరిమొక్క ముందుగ ముదురాకులను పసుపువన్నెకు దింపి, వాటిలోని సారమును లాగి లేత ఆకులకు పెట్టును. తల్లి తాను పస్తుండి బిడ్డకు పెట్టుట వంటిదిది. పిలకలు తగ్గును, వెన్ను పొట్టిదగును. ఈ సంగతి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. పైరు రంగు చూచియే ఆకలి గుర్తుపట్టు కన్ను అతనికి తరతరములుగ కలదు.

ఆ ఆకలి తీర్చుటకు పూర్వులు ఎరిగిన ఉపాయములు కొన్ని. పశువుల పెంటను దిబ్బగ వేసి చివికించి తోలెడివారు. కోతలైన పొలములలో గొర్రెల మందలను నిలిపెడివారు. వేసవిలో చెరువుమట్టి ఎత్తి బండ్లపై పోసెడివారు. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకు రాగానే కలియదున్నెడివారు. వరికోత ముందు తడిమీద మినుమును పెసరను వెదజల్లెడివారు. పప్పుజాతి పైరు వేసిన చేను తరువాతి పంటకు బలమిచ్చునని అనుభవమున తెలిసినదే గాని దాని మర్మము చిరకాలము తెలియలేదు. 1886లో జర్మనీ దేశమున హెల్‌రీగెల్, విల్ఫార్త్ అను ఇరువురు ఆ మర్మమును బయటపెట్టిరి. ఆ మొక్కల వేళ్ళమీది బుడిపెలలో సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజని ముడిని విప్పి మొక్కకు అందించుచున్నవి. మొక్క వాటికి చక్కెర నిచ్చును. అవి మొక్కకు నత్రజని నిచ్చును. ఇరువురికిని లాభమైన పొత్తు ఇది.

జనము పెరిగినకొలది ఈ ఉపాయములు చాలకపోయినవి. ఐరోపా దేశములు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు సోడియం నైట్రేటును ఓడలపై తెప్పించుకొన్నవి. 1898లో ఇంగ్లండున విలియం క్రూక్స్ అను శాస్త్రజ్ఞుడు, ఈ గనులు తరుగక మానవనియు, గాలిలోని నత్రజనిని పట్టు విద్య సాధింపకున్నచో గోధుమ తిను జాతులకు కరవు తప్పదనియు ఒక శాస్త్రసభలో హెచ్చరించెను. పదునొకండేండ్లు తిరుగకమునుపే ఆ విద్య లభించినది. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ నత్రజనిని ఉదజనితో కలిపి, అధికమైన ఒత్తిడిలో వేడిచేసి అమ్మోనియా తీసి చూపెను. కార్ల్ బాష్ అను ఇంజనీరు దానిని కర్మాగారమునకు తగినట్లు దిద్దెను. 1913లో జర్మనీలోని ఒప్పావు పట్టణమున మొదటి కర్మాగారము పనిచేయ నారంభించినది. హేబరునకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమానమును, బాష్‌నకు 1931లో నోబెల్ బహుమానమును లభించినవి. అయితే ఆ అమ్మోనియాయే మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీకి ప్రేలుడు మందు నిచ్చినది. అన్నము పెట్టిన విద్యయే ప్రాణము తీయుటకును పనికివచ్చినది. విద్య యొక్క మేలుకీడులు దానిని పట్టిన చేతిని బట్టి ఉండునని ఈ కథ తొలినాడే చెప్పినది.

మన దేశమున 1951లో బీహారులోని సింద్రీలో (నేడది జార్ఖండు రాష్ట్రములో ఉన్నది) ప్రభుత్వ ఎరువుల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. అయితే పూర్వపు వరి రకములు పొడుగైనవి. నత్రజని ఎక్కువైనచో అవి మరింత పొడవు పెరిగి, గింజ పాలుపోసుకొను వేళకు నేలకొరిగెడివి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అను పొట్టి రకమును విడుదల చేసినది. ఎరువు ఎంత తిన్నను నిలువుగ నిలిచి గింజకట్టుట దాని గుణము. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట గ్రామపు రైతు నెక్కంటి సుబ్బారావు ఆ రకమును సాగుచేసి చూపి ప్రసిద్ధి కెక్కెను. అటుపిమ్మట వచ్చిన పొట్టి రకములును, కాలువనీరును, నత్రజనియు కలిసి ఓడలపై ధాన్యము తెప్పించుకొను దేశమును ధాన్యము ఎగుమతి చేయు దేశముగ మార్చినవి. రామగుండములోని యూరియా కర్మాగారము 1999లో మూతపడి, 2021లో కొత్త సంస్థ పేర మరల ఉత్పత్తికి వచ్చినది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగముమంది తిను తిండి హేబరు, బాష్‌ల విద్యవలన వచ్చిన నత్రజనితో పండుచున్నదే యని శాస్త్రజ్ఞుల అంచనా. కావున ఈ ఎరువును విషమని తిట్టుట కృతఘ్నత యగును. మేలు ఒప్పుకొనిన పిమ్మటనే కీడు మాట్లాడు అర్హత కలుగును.

ఇక బస్తా లెక్క చూడవలెను. యూరియా బస్తా 45 కిలోలు. అందు నత్రజని నూటికి 46 పాళ్ళు. అనగా బస్తాకు 20 కిలోల 700 గ్రాములు. టన్ను ధాన్యము పండుటకు గింజ, గడ్డి కలిపి పైరు సుమారు 15 నుండి 20 కిలోల నత్రజని తీసికొనును. ఎకరమునకు 25 క్వింటాళ్ళు పండినచో పైరు తీసికొనినది 37 నుండి 50 కిలోలు. ఇందులో మంచి భాగము నేల తనంత తాను ఇచ్చినదే. ఇపుడొక రైతు ఎకరమునకు మూడు బస్తాలు చల్లెననుకొందము. వేసిన నత్రజని 62 కిలోలు. నీరు నిలిచిన వరిమడిలో అజాగ్రత్తగ వెదజల్లిన యూరియాలో పైరునకు ముట్టునది తరచుగ మూడవ వంతు మాత్రమే. అనగా 20 కిలోలు పైరు తిన్నది. 40 కిలోలు, అనగా రెండు బస్తాల సరుకు, ఆ పైరునకు అందలేదు. కొంత నేలలోని జీవపదార్థములో చేరి నిలుచును. తక్కినది గాలికిని నీటికిని పోవును. నూరెకరముల ఆయకట్టున్న ఊరిలో ఇట్లు పైరునకు అందనిది పంటకు నాలుగు టన్నులు. ధాన్యపు గాదెకు ఇంత కన్నము పడినచో ఊరంతయు మేల్కొని కాపలా కాయును. ఈ కన్నము కంటికి కనపడదు గనుక ఎవరును కాయరు.

ఆ నత్రజని ఏ దారిని పోవునో తెలిసిననే కన్నము పూడ్చుట సాధ్యము. దారులు ముఖ్యముగ మూడు.

మొదటిది గాలి దారి. నీరు నిలిచిన మడిలో యూరియా చల్లగానే నేలలోని సూక్ష్మజీవుల వలన పుట్టిన యూరియేస్ అను పదార్థము కొలది దినములలో దానిని అమ్మోనియముగ మార్చును. పగటివేళ మడినీటిలోని పాచి ఎండలో నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొనుటవలన నీరు క్షారగుణము పొందును. క్షారపు నీటిలో అమ్మోనియము నిలువక, అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. ఎండయు గాలియు ఎక్కువైనకొలది ఈ నష్టము పెరుగును. ఒక్కొక్క పరిస్థితిలో వేసిన దానిలో సగము వరకు ఇట్లు పోవుట కలదు.

రెండవది నీటి దారి. గాలి తగులు నేలలో సూక్ష్మజీవులు అమ్మోనియమును నైట్రేటుగ మార్చును. మట్టి అమ్మోనియమును పట్టియుంచును గాని నైట్రేటును పట్టియుంచలేదు. వాననీరు ఎటు పోయిన అది అటు పోవును: క్రిందికి ఇంకినచో బావికి, ప్రక్కకు పారినచో మురుగుకాలువకు. ఇసుకనేలలలోను, మెట్టపైరులలోను, కూరగాయల తోటలలోను ఈ నష్టము ఎక్కువ. ఇది కొత్తగ తెలిసిన విషయమును కాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రమున 1843 నుండి జరుగుచున్న గోధుమ ప్రయోగములో, మళ్ళ క్రింది గొట్టముల నుండి కారు నీటిని 19వ శతాబ్దిలోనే పరీక్షించి, ఎరువు పెరిగినకొలది నైట్రేటు నష్టమును పెరుగుచున్నదని కనుగొనిరి.

మూడవదియు గాలి దారియే. కాని వేరు విధమైనది. మడి ఒకసారి ఆరి, మరల నిండినపుడు, ఆరినవేళ ఏర్పడిన నైట్రేటు నిండినవేళ గాలి తగులని బురదలో చిక్కుపడును. అచ్చటి సూక్ష్మజీవులు ఊపిరికి ప్రాణవాయువు దొరకక నైట్రేటులోని ప్రాణవాయువును లాగికొని, మిగిలిన నత్రజనిని గాలిలోనికి వదలును. అందు అధికభాగము నిరపాయమైన మామూలు నత్రజని. కొంతభాగము మాత్రము నైట్రస్ ఆక్సైడు అను వేరొక వాయువు. దాని సంగతి తరువాత చూతము.

పోయిన నత్రజని పోయినచోట ఊరక ఉండదు. మొదట మంచినీటి బావిని చూడవలెను. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. కేంద్ర భూగర్భజల మండలి 2024లో వెలువరించిన నివేదికలో దేశమున పరీక్షించిన నమూనాలలో దాదాపు అయిదింట ఒక వంతున ఈ హద్దు దాటినట్లు తేలినది. హద్దు దాటిన నమూనాలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను కూడ తక్కువ కావు. ఇది అంతయు యూరియా దోషమే యనుట న్యాయము కాదు. బావి చెంత వేసిన పెంటదిబ్బయు, మరుగుదొడ్ల గుంటలును అట్టి నైట్రేటునే బావిలోనికి దింపును. ఎరువు, పెంట, మురుగు అన్నియు నేలక్రింద ఒకటియే. ఈ నైట్రేటు పెద్దలకు వెంటనే హాని చేయకపోవచ్చును గాని, ఆరు నెలలు నిండని పసివారి కడుపులో నైట్రైటుగ మారి రక్తములోని ఎఱ్ఱని పదార్థమును పాడుచేయును. రక్తము ప్రాణవాయువును మోయలేక పసివాని పెదవులు, గోళ్ళు నీలివన్నెకు తిరుగును. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు వైద్యుడు హంటర్ కామ్లీ, బావినీటితో పాలు కలిపి పట్టిన పసివారిలో ఈ జబ్బును గుర్తించి ప్రకటించెను. గృహిణులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు: నీరు కాచినందువలన నైట్రేటు పోదు, నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో అది ఇంకను చిక్కనగును. క్రిములను చంపు ఉపాయము దీనికి పనికిరాదు. పసివారికి తల్లిపాలే రక్ష. పోతపాలు తప్పనిసరియైనచో పరీక్షింపబడిన నీటినే వాడవలెను.

బావి దాటిన పిమ్మట చెరువు, సరస్సు, సముద్రము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు, అనేకమైన మురుగుకాలువలు అందు పడును. ఉప్పుటేరు దాని నీటిని బంగాళాఖాతమునకు చేర్చును. 1999లో దీనిని పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో ఇది రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరినది. వరిపొలముల నుండి దిగు ఎరువును, చేపల చెరువుల నుండి వచ్చు మేత మిగులును, పట్టణముల మురుగును కలిసి ఈ సరస్సునకు అక్కరలేని విందు చేయుచున్నవి. ఆ విందు తిని బలిసినది గుర్రపుడెక్క. పొలమున పైరును పెంచు సారమే నీటిలో పాచిని, డెక్కను పెంచును. అవి చచ్చి క్రుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగును, చేపలు తేలిపోవును. ఇదే సంగతి సముద్రమునను జరుగును. అమెరికాలోని మిసిసిపీ నది తెచ్చు ఎరువువలన మెక్సికో సింధుశాఖలో ఏటేట వేసవిలో వేలాది చదరపు కిలోమీటర్ల మేర నీటి అడుగున ప్రాణవాయువు కరవగుచున్నది. బంగాళాఖాతపు నడిలోతు నీటిలో ప్రాణవాయువు సహజముగనే మిక్కిలి స్వల్పము. నదులు తెచ్చు భారము పెరిగినకొలది ఆ స్వల్పమునకును ముప్పు కలుగునని శాస్త్రజ్ఞులు శంకించుచున్నారు. పడవపై వల వేయు బెస్తవాని కూడు, గట్టుపై రైతు చల్లిన పిడికిలితో ముడివడి యున్నది.

ఇక నైట్రస్ ఆక్సైడు. ఇది గాలిలో కలిసి నూరేండ్లకు పైగ నిలుచును. భూమిని వేడెక్కించుటలో, తూకమునకు తూకము చూచినచో, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు బలమైనది. అంతియేకాక సూర్యుని తీక్ష్ణకిరణములను అడ్డగించు ఓజోను పొరను సైతము తరిగించును. యూరియా తయారీకే సహజవాయువు విస్తారముగ ఖర్చగును. అమ్మోనియా తయారీ ఒక్కటే ప్రపంచము వాడు శక్తిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు హరించును. కావున వృథాపోయిన బస్తా రెండు విధముల నష్టము: తయారీనాడు ఒకటి, వృథాయైననాడు ఒకటి.

పొలమునకే కలుగు కీడును చూడవలెను. అమ్మోనియము నైట్రేటుగ మారునపుడు నేలలో పులుపు పుట్టును. రోథామ్‌స్టెడ్‌లోనే 1856లో మొదలైన గడ్డిమైదానపు ప్రయోగములో, సున్నము వేయక ఏండ్ల తరబడి అమ్మోనియం సల్ఫేటు అధికముగ వేసిన మళ్ళలో నేల పులిసి, మొక్కల జాతులు రెండు మూడింటికి దిగినవి. ఎరువు వేయని మళ్ళలో నలుబది వరకు జాతులు నిలిచియున్నవి. సున్నపు పాలు గల నల్లరేగడి నేలలు ఈ పులుపును చాలకాలము ఓర్చును. ఎఱ్ఱచల్క నేలలకు ఆ ఓర్పు తక్కువ. వరిలో నత్రజని ఎక్కువైనచో ఆకు మెత్తబడి ముదురు పచ్చనై అగ్గితెగులును, పొడతెగులును, సుడిదోమను పిలుచును. దోమకు మందు కొట్టుటకు మరల ఖర్చు. ఎరువు ఖర్చు, మందు ఖర్చు కలిసి పంటలాభమును తినివేయును.

ఎక్కువ వేయుటకు రైతు అజ్ఞానమే కారణమనుట అన్యాయము. 1992లో ప్రభుత్వము భాస్వరము, పొటాషు ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తివేసి యూరియా ధరను మాత్రము అదుపులో ఉంచినది. యూరియా చవుకగను, తక్కినవి ప్రియముగను నిలిచినవి. చేత డబ్బు తక్కువగల రైతు చవుకైనదే కొనును. దేశమున పొటాషు ఒక పాలునకు నత్రజని పది పాళ్ళకు మించి వాడిన సంవత్సరములు ఇటీవల కలవు. నాలుగు పాళ్ళు చాలునని పూర్వమునుండి చెప్పుచున్నారు. అదియునుగాక యూరియా చల్లిన వారమునకు చేను పచ్చబడి కంటికి ఇంపుగ కనపడును. పొటాషు చేసిన మేలు కోతనాడు గాని తెలియదు. కౌలురైతునకు పంట ఒక్కసారి తప్పినచో అప్పు తీరదు గనుక, ఒక బస్తా ఎక్కువ వేసి ధైర్యము తెచ్చుకొనును. ఆ భయమును గుర్తింపక బోధించినచో బోధ చెవికెక్కదు.

మరి మార్గమేమి? ఎరువు మానుట మార్గమా? శ్రీలంక ప్రభుత్వము 2021 వేసవిలో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్క పెట్టున నిషేధించినది. ప్రత్యామ్నాయము సిద్ధముగ లేకపోవుటచే వరి, తేయాకు దిగుబడులు పడిపోయి, ఆ నవంబరు మాసముననే నిషేధమును సడలింపవలసివచ్చెను. ఆకలిగొన్న నేలకు హఠాత్తుగ పథ్యము పెట్టరాదని ఆ అనుభవము చెప్పుచున్నది. కావలసినది మానుట కాదు. కొలతయు, వేళయు, చోటును తెలిసి వేయుట.

వ్యవసాయ విశ్వవిద్యాలయములు చెప్పుచున్న పద్ధతులు సులభమైనవే. భూసారపరీక్ష చేయించి మోతాదు నిర్ణయించుకొనవలెను. నత్రజనిని ఒక్కసారి గాక మూడు భాగములుగ చేసి, ఆఖరు దమ్మునందు ఒకటి, పిలకవేయు దశలో ఒకటి, అంకురము ఏర్పడు దశలో ఒకటి వేయవలెను. పసివానికి నెల తిండి ఒకపూట పెట్టరు గదా. పైపాటుగ వేయునపుడు మడిలోని నీటిని పలుచగ తీసి, బురదపదనులో చల్లి, ఒకటి రెండు దినముల పిమ్మట మరల నీరు పెట్టవలెను. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండిగాని 250 కిలోల తేమమట్టిగాని కలిపి, రెండు దినములు నిలువ ఉంచి చల్లుట పూర్వమునుండి చెప్పుచున్న పద్ధతి. వేపలోని గుణము నైట్రేటుగ మారు వేగమును తగ్గించును. ఈ గుణమును గుర్తించియే 2015 నుండి దేశమున తయారగు యూరియా కంతకును వేపనూనె పూత తప్పనిసరి చేసిరి. ఆకురంగు పట్టికతో ఆకు పచ్చదనమును పోల్చి, అవసరమైననే ఎరువు వేయుట ఇంకొక పద్ధతి. ఇందు ఖర్చు లేదు. చూచు ఓపిక మాత్రము కావలెను. వాన మబ్బు కమ్మియుండగ ఎరువు చల్లరాదు. జీలుగ, జనుము, పిల్లిపెసర మరల చేనికి రావలెను. వరి తరువాత మినుము, పెసర వేసినచోట నేల తన నత్రజనిని కొంత తానే సంపాదించుకొనును. పెంట వృథాగ ఎండక గోతిలో చివుకవలెను. ఆ గొయ్యి మంచినీటి బావికి దూరముగ ఉండవలెను.

ఈ పద్ధతులు కాగితముమీద బాగుండును గాని పొలమున సాగునా యని సందేహము రావచ్చును. చైనా దేశమున 2005 నుండి 2015 వరకు సుమారు 2 కోట్ల 9 లక్షల చిన్నరైతుల నడుమ ఒక పెద్ద ప్రయత్నము జరిగినది. శాస్త్రజ్ఞులు, విస్తరణాధికారులు ఊరూర తిరిగి, ఆయా నేలలకు తగిన మోతాదును, వేళను రైతులతో కలిసి నిర్ణయించిరి. వరి, గోధుమ, మొక్కజొన్న దిగుబడులు సుమారు నూటికి 11 పాళ్ళు పెరిగినవి. నత్రజని వాడుక నూటికి 15 నుండి 18 పాళ్ళు తగ్గినది. డెన్మార్కు దేశము 1987 నుండి వరుసగ ప్రణాళికలు వేసి, పొలముల నుండి నీటిలోనికి జారు నత్రజనిని దాదాపు సగమునకు తగ్గించుకొన్నది. పాడిపంటలకు పెద్ద లోటు రాలేదు. చైనాలో పని చేసినది ముఖ్యముగ బోధ. డెన్మార్కులో పని చేసినది ముఖ్యముగ కట్టడి. రెంటికిని మూలము లెక్క. ఎంత వేసితిమి, ఎంత పండినది, ఎంత పోయినది అని వ్రాసికొనినవాడే తగ్గింపగలడు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని తగులుచున్నది. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టా కాలువలపై పడవ గ్రంథాలయమును నడపి, రేవురేవున పల్లెలకు పుస్తకములు అందించెను. నీరు పొలమునకు పోవు దారినే విద్యను పంపిన ఆలోచన అది. డెల్టా మురుగుకాలువలే నేడు కొల్లేటికి నత్రజనిని మోయుచున్నవి. ఆ మోతను తగ్గించు విద్యయు పల్లె గ్రంథాలయముల నుండియే బయలుదేరుట న్యాయము.

అందుకు గొప్ప నిధులు అక్కరలేదు. గ్రంథాలయపు బల్లపై ఒక పుస్తకము తెరచి ఉంచవచ్చును. అందు ఏ చేనికి ఎన్ని బస్తాలు వేసినది, ఏ దినమున వేసినది, తరువాత వాన పడినదా లేదా, పంట ఎంత వచ్చినది అని రైతులు వ్రాయవచ్చును. వ్రాయరానివారికి చదువుకొను పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. మూడేండ్ల లెక్క చేరునప్పటికి, రెండు బస్తాలు వేసిన మడియు మూడు బస్తాలు వేసిన మడియు ఎంత తేడాగ పండినవో ఊరికే తెలియును. పరాయి శాస్త్రము నమ్మనివాడు సైతము పొరుగు చేని లెక్కను నమ్మును. భూసారపరీక్షల ఫలితములను గోడపై అతికింపవచ్చును. ఏటికొకసారి ఊరి బావుల నీటిని పరీక్షకు పంపి, ఏ బావి నీరు పసివారికి తగదో ప్రకటింపవచ్చును. ఒక ఆకురంగు పట్టికను పుస్తకము వలెనే సంతకము పెట్టించుకొని అరువియ్యవచ్చును.

ఇరువదియైదేండ్లు గ్రంథాలయము నిలిచినదనగా ఒక తరము దాని నీడలో పెరిగినదని అర్థము. ఆ తరము ఇపుడు పొలములు ఏలుచున్నది. పైరు పచ్చదనమును ప్రేమించు రైతు, పచ్చని డెక్క క్రమ్మిన చెరువునకును ఆ పచ్చదనమునకును గల చుట్టరికమును గూడ ఎరుగవలెను. నేల తల్లి, తల్లికి పెట్టునది కొలతతో పెట్టుట అనాదరము కాదు. ఆ కొలత నేర్పు విద్యకు ఈ గ్రంథాలయము నిలయమై, స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరి బావులు తేటనీటితోను, గాదెలు నిండు ధాన్యముతోను కళకళలాడునట్లు చేయుగాక.